పలాయనము – విశ్రాంతి

ఏ నలుగురు కలిసినచోటనైనను నేడు తప్పక వినవచ్చు మాట యొకటి కలదు. అది ‘ఒత్తిడి’. ఉద్యోగికి పై అధికారివలన ఒత్తిడి. విద్యార్థికి పరీక్షలవలన ఒత్తిడి. గృహిణికి ఇంటిపనియు బయటిపనియు రెండును మోయవలసి వచ్చుటవలన ఒత్తిడి. రైతునకు రాని వానవలనను, తీరని అప్పువలనను ఒత్తిడి. దూరదేశమున పనిచేయు కుమారునకు అక్కడ నొక ఒత్తిడి. అతని ఫోనుకై అర్ధరాత్రి వఱకు మేలుకొనియుండు తల్లిదండ్రులకు ఇక్కడ నొక ఒత్తిడి. ఈ బాధనుండి ఉపశమనము కోరనివారుండరు. అయితే ఉపశమనమని మనము వెదకుకొనునది నిజముగా ఉపశమనమేనా, లేక కొంతసేపు కన్నులు మూసికొనుట మాత్రమేనా? ఈ ప్రశ్నకు క్రైస్తవ విశ్వాసమిచ్చు సమాధానమేమో తెలిసికొనుటయే ఈ ప్రసంగోద్దేశము.

మొదట ఒత్తిడి యనగా నేమో చూతము. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడైన వాల్టర్ కానన్, భయముగాని క్రోధముగాని కలిగినపుడు దేహమున జరుగు మార్పులను 1915లో ఒక గ్రంథమున వివరించెను. మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న చిన్న గ్రంథులనుండి అడ్రినలిన్ అను పదార్థము రక్తములోనికి దిగును. గుండె వడిగా కొట్టుకొనును. జీర్ణక్రియ మందగించును. రక్తము కండరములకు పాఱును. ఎదుట నిలిచి పోరాడుటకో, వెనుదిరిగి పరుగెత్తుటకో దేహము చేసికొను సన్నాహమిది. తరువాత 1936లో, కెనడాలోని మాంట్రియల్ నగరమున ఎలుకలపై పరిశోధనలు సలిపిన హాన్స్ సెల్యే మఱియొక విషయమును ప్రకటించెను. కలిగిన బాధ ఏదైనను దేహము కొంతవఱకు ఒకే తీరున స్పందించుననియు, బాధ విడువక కొనసాగినచో దేహము తుదకు సొమ్మసిల్లుననియు ఆయన కనుగొనెను.

పులి ఎదురైనపుడు ఈ సన్నాహము ప్రాణమును కాపాడును. పులి పోయినంతనే దేహము చల్లబడును. కాని నేడు మనకు ఎదురగునది పులి కాదు. బ్యాంకునుండి వచ్చిన నోటీసు, అధికారి ముఖములోని చిట్లింపు, ప్రక్కయింటి బాలునకు వచ్చిన మార్కులు – ఇవియే నేటి పులులు. వీనితో కలియబడుటకును వీలులేదు. వీనిని విడిచి పరుగెత్తుటకును వీలులేదు. కాళ్లు పరుగెత్తజాలనపుడు మనస్సు పరుగెత్తును. ఈ పరుగునకే పలాయనమని పేరు.

పలాయనమునకు మార్గములు పెక్కులు. ఒకనికి కల్లుదుకాణము, ఒకనికి పేకాట, ఒకనికి వరుసగా రెండాటల సినిమా. చేతిలోని ఫోనులో ఒకదాని వెంట నొకటిగా కదలు బొమ్మలను చూచుచు తెల్లవారుజాము వఱకు మేలుకొనువారు నేడు ఎన్నియో యిండ్లలో కలరు. రేడియోవారమైన మేమును ఈ పట్టికనుండి తప్పించుకొనజాలము. పాట వినుట తప్పని ఎవరును అనరు. పనికిని పనికిని నడుమ ఒక పాట విని సేదదీరినవాడు తేరుకొని ఆ పనికే మఱలి వచ్చును. ఆ పని తలంపునకు రాకుండుటకై పాటను విడువక వినువాడు మఱలి రాడు. వినోదమునకును పలాయనమునకును గల భేదము మనము చూచు వస్తువులో లేదు. చూచిన పిమ్మట మనము ఎటు నడతుమో దానిలో కలదు.

ఇది యంత్రయుగము తెచ్చిన వ్యాధి యని తలచువారు అగస్టీను జీవితమును చదివినచో ఆశ్చర్యపడుదురు. ఆయన క్రీస్తుశకము 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగస్తే అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ చోటు నేటి అల్జీరియా దేశమున నున్నది. సామాన్య కుటుంబమునుండి వచ్చి, చదువుతో పైకెక్కి, వక్తృత్వమును బోధించు ఉపాధ్యాయుడై, కార్తేజినుండి రోముకును, రోమునుండి 384లో మిలాను నగరమునకును చేరెను. చక్రవర్తి కొలువుండిన ఆ నగరమున ఆయనకు లభించిన ఉద్యోగము అందఱును అసూయపడదగినది. తరువాత బిషప్పుగా నుండి, ఇంచుమించు 397 మొదలు 400 వఱకు గల కాలమున, తన గతజీవితమును ‘కన్ఫెషన్సు’ అను గ్రంథముగా వ్రాసెను. పదుమూడు భాగముల ఆ గ్రంథము దేవునితో మాటాడుచున్నట్లుగా సాగును. పలాయనమును గూర్చి అంత నిర్దాక్షిణ్యముగా తన్ను తాను పరీక్షించుకొన్నవారు అరుదు.

ఆయన యౌవనమున ఒక ప్రాణమిత్రుడు జ్వరముతో మరణించెను. అప్పటినుండి స్వస్థలము ఆయనకు ముల్లువలె నుండెను. మిత్రునితో కలిసి నడచిన ప్రతి వీధియు ఆ మిత్రుడు లేడని చెప్పుచుండెను. అగస్టీను ఊరు విడిచి కార్తేజికి పోయెను. ఊరు మాఱెను, క్రొత్త స్నేహములు కలిగెను, దినములు గడచిన కొలది బాధయు కొంత తగ్గెను. అయినను, తగస్తేను విడువగలిగిన తాను తన్ను విడిచి ఎక్కడికి పోగలనని ఆయన ఆ గ్రంథమున తన్ను తానే ప్రశ్నించుకొనెను. బదిలీ కోరుకొని ఊరు మాఱినవారికి, ఇల్లు మాఱినవారికి ఈ అనుభవము క్రొత్త కాదు. సామానుల బండిలో మనకంటె ముందుగా మన మనస్సే ఎక్కి కూర్చుండును.

ఆయన స్నేహితుడు అలీపియసు కథ మఱియొకటి. ఇతడు రోములో న్యాయశాస్త్రము చదువుకొనుచుండెను. మనుష్యులు ఒకరినొకరు చంపుకొను క్రీడలను జనులు గుంపులుగా కూడి చూచు కాలమది. అలీపియసునకు ఆ క్రీడలన్న రోత. ఒకనాడు తోడి విద్యార్థులు అతనిని బలవంతముగా ఈడ్చుకొనిపోయిరి. తన దేహమును తీసికొనిపోగలరుగాని మనస్సును తీసికొనిపోజాలరని పలికి, అతడు కన్నులు మూసికొని కూర్చుండెను. ఇంతలో ఒకడు నేలగూలగా జనసమూహము ఒక్కసారిగా గర్జించెను. కుతూహలము ఆపుకొనలేక అతడు కన్నులు తెఱచెను. తెఱచినవాడు మఱల మూయలేకపోయెను. ఆ నెత్తుటి మత్తు తలకెక్కి, తరువాత తానే ఇతరులను వెంటబెట్టుకొని వచ్చుచుండెను. ఒక్క నిమిషమే చూచెదనని ఫోను చేతబట్టి, గడియారము రెండు గంటలు కొట్టినపుడు ఉలికిపడువాడు అలీపియసునకు చుట్టమే. అతడు చెడ్డవాడు కాడు. తన నిగ్రహముపై మితిమీఱిన నమ్మకము గలవాడు. నమ్మవలసినది తన బలమును కాదని అతడు చాలకాలమునకు గాని తెలిసికొనలేదని అగస్టీను వ్రాసెను.

మూడవ ఘట్టము మిలానులో జరిగినది. ఒకనాడు అగస్టీను చక్రవర్తిని స్తుతించుచు ఉపన్యాసమీయవలసి యుండెను. అందు పెక్కు అసత్యములు చెప్పవలెను. అవి అసత్యములని ఎఱిగినవారే మెచ్చుకొందురు. ఆ ఆందోళనతో వీధిని పోవుచుండగా, త్రాగి నవ్వుచున్న ఒక బిచ్చగాడు కనబడెను. వాడు కొలది నాణెములతో కొన్న సంతోషమునకే తాను ఇన్ని యేండ్లుగా ఇన్ని పాట్లు పడుచున్నానని అగస్టీను తన మిత్రులతో చెప్పి వాపోయెను. వాని సంతోషము నిజమైనది కాదు. అయినను వాని మత్తు ఆ రాత్రి నిద్రతో దిగిపోవును. కీర్తికాంక్ష యను తన మత్తు మాత్రము నిద్రించి లేచినను దిగుట లేదు. ఇక్కడ ఆయన కనుగొన్నది గమనింపదగినది. కల్లు మాత్రమే కాదు, విరామములేని పనియు, పదవికై ప్రాకులాటయు గూడ పలాయనములే కావచ్చును. నాకు తీరిక లేదని గర్వముగా చెప్పుకొనువాడు దేనిని తప్పించుకొనుటకై తీరిక లేకుండ చేసికొన్నాడో ఒకమాఱు అడిగి చూచుకొనవలెను.

మఱి ఈ పరుగునకు క్రైస్తవ విశ్వాసము చూపు విరుగుడు ఏమి? బైబిలు పాతనిబంధనలోని ఏలీయా ప్రవక్త కథలో దీనికి చక్కని సూచన కలదు. యెజెబెలు రాణి చంపింతునని బెదరింపగా ఏలీయా ప్రాణభీతితో అడవికి పాఱిపోయి, ఒక చెట్టు క్రింద కూర్చుండి, తనకు చావు వచ్చిన చాలునని వేడుకొని నిద్రపోయెను. అతనికి కలిగిన మొదటి ఉపశమనము ఉపదేశము కాదు, మందలింపు కాదు. దేవదూత తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను. తిని త్రాగి అతడు మఱల నిద్రించెను. రెండవమాఱు లేపి మఱల తినుమనెను. అలసిన దేహమునకు అన్నమును నిద్రయు ముందు కావలెననుట ఆ కథలోని మొదటి పాఠము. ఆ పిమ్మట హోరేబు కొండపై ఏలీయా తన గోడునంతయు చెప్పుకొనెను. తాను ఒక్కడనే మిగిలితినని మొఱపెట్టెను. దేవుడు దానిని పూర్తిగా వినెను. విని, నీవు ఒంటరివి కావు, నీవంటివారు ఏడువేలమంది కలరని తెలిపి, ఎలీషా యను సహాయకుని చూపి, వచ్చిన త్రోవనే తిరిగి పొమ్మని పంపెను. పాఱిపోయిన చోట అతనిని దాచలేదు. బలమిచ్చి పనికి మఱలించెను.

క్రొత్త నిబంధనలో ఇదే భావము మఱింత స్పష్టమగును. భారము మోసి అలసినవారిని యేసుక్రీస్తు తన చెంతకు పిలిచి విశ్రాంతి నిత్తునని చెప్పిన మాటలు మత్తయి సువార్తలో కలవు. ఆ వాగ్దానము వెంటనే ఆయన ప్రస్తావించినది మెత్తని పరుపును కాదు, కాడిని. ఇది విపరీతముగా తోచవచ్చును. అలసిన యెద్దు మెడపైనుండి కాడి దించవలెను గాని మఱియొక కాడి ఎత్తుదురా? కాని కాడి యనగా నేమో మన రైతులకు తెలియును. అది సాధారణముగా ఒంటి యెద్దునకు కట్టునది కాదు, జంటకు కట్టునది. క్రొత్త కోడెను అనుభవముగల యెద్దు ప్రక్కన కట్టి పని నేర్పుదురు. బరువు లేకపోవుట విశ్రాంతి కాదనియు, బరువు మోయుటలో మనకొక తోడు కలదని నమ్ముటయే విశ్రాంతి యనియు ఈ ఉపమానమునకు అర్థము చెప్పుకొనవచ్చును.

అగస్టీను జీవితము ఈ అర్థమునకు సాక్ష్యము. 386వ సంవత్సరపు వేసవిలో, మిలానులోని ఒక తోటలో, తన జీవితము తనకే భారమై, ఆయన అత్తిచెట్టు క్రింద పడి విలపించెను. ప్రక్క యింటినుండి, పుస్తకము తీసి చదువుమని అర్థము వచ్చునట్లుగా ఒక పసికంఠము పాడుట వినబడెను. పౌలు పత్రికలు తెఱచి చదువగా మనస్సు కుదుటపడెను. అలీపియసు ఆ తోటలోనే యుండెను. 387లో ఈస్టరు పండుగనాడు మిత్రులిద్దఱును బిషప్పు అంబ్రోసువలన జ్ఞానస్నానము పొందిరి. కథ ఇక్కడ ముగిసియుండినచో ఇదియు ఒక అందమైన పలాయనమేనని అనుకొనవచ్చును. ఏలయన, అగస్టీను ఉద్యోగము మానివేసి, ఆఫ్రికాకు తిరిగివచ్చి, మిత్రులతో కూడి ఏకాంతముగా చదువుకొనుచు కాలము గడపదలచెను. కాని 391లో హిప్పో అను రేవుపట్టణమునకు పోగా, అచ్చటి ప్రజలు పట్టుబట్టి ఆయనను గురువుగా చేసిరి. కొలది యేండ్లకు బిషప్పాయెను. ఆనాటినుండి జీవితాంతము వఱకు జనుల తగవులు వినుట, పేదలకు అన్నము పెట్టించుట, ప్రసంగములు చేయుట ఆయన నిత్యకృత్యములు. పని తగ్గలేదు, పెరిగెను. కాని చక్రవర్తి మెప్పుకై పడిన వెనుకటి ఆరాటము ఆయనను విడిచిపోయెను.

ఈ విశ్వాసము దినచర్యలో ఏ రూపమున నుండును? మొదటిది ప్రార్థన. ఇందు ముఖ్యము బాధకు పేరు పెట్టి చెప్పుట. ఏదో గుబులుగా నున్నదనుట వేఱు. ఫలానా అప్పు తీర్చలేనని భయపడుచున్నానని దేవుని యెదుట పలుకుట వేఱు. పేరు లేని భయము చీకటిలోని త్రాడువలె పామై కనబడును. పేరు పెట్టినది కొంత చిన్నదగును. ప్రార్థన దేహముపైనను పనిచేయునని పరిశోధకులు చూపిరి. ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయమునకు చెందిన లూచియానో బెర్నార్ది బృందము 23 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి, ఫలితములను 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. లాటిను భాషలో జపమాల ప్రార్థన చెప్పినపుడును, యోగమంత్రమును జపించినపుడును వారి శ్వాస నిమిషమునకు ఇంచుమించు ఆఱు సారులకు దిగి, గుండె లయ క్రమపడెను. ఊపిరికి మతభేదము లేదని దీనివలన తెలియుచున్నది. క్రైస్తవుడు దీనికి సంతోషించునుగాని ఇంతటితో తృప్తిపడడు. ఊపిరి నెమ్మదించుట ప్రార్థనకు ఫలములలో నొకటి. తన మొఱ వినువాడొకడు కలడను నమ్మకము దానికి మూలము.

రెండవది విశ్రాంతిదినము. ఏడవ దినమున యజమానుడే కాదు, దాసుడును, పశువును గూడ పనినుండి విడుదల పొందవలెనని యూదుల ధర్మశాస్త్రము విధించెను. క్రైస్తవులు క్రీస్తు పునరుత్థానదినమైన ఆదివారమును ఆరాధనదినముగా పాటించిరి. 321లో రోమను చక్రవర్తి కాన్‌స్టంటైను ఆ దినమున నగరములలో న్యాయస్థానములకును వృత్తిపనులకును విరామమును శాసించెను. అదను తప్పినచో నష్టపడు రైతులకు మాత్రము సడలింపు నిచ్చెను. వారమునకొక దినము తాను లేకున్నను లోకము నడచునని అంగీకరించుట చిన్న వినయము కాదు. ఒత్తిడిలో సగము, అంతయు మనచేతి మీదుగానే నడవవలెనను భ్రమనుండి పుట్టినది.

మూడవది సంఘము, అందలి పాట. తల్లి మోనికా 387లో ఇటలీలోని ఓస్తియా రేవున మరణించినపుడు అగస్టీను దుఃఖమును బిగబట్టుకొని స్నానశాలకు పోయెను. స్నానము మనోవ్యథను పోగొట్టునని ఎవరో చెప్పగా వినియుండెను. ఒడలు తడిసెను గాని వ్యథ కరగలేదు. నిద్రించి లేచిన పిమ్మట, అంబ్రోసు రచించిన ఒక కీర్తన తలంపునకు రాగా, ఒంటరిగా దేవుని యెదుట కన్నీరు విడిచెను. అప్పుడు గుండె తేలికయ్యెను. మన తెలుగునాటను పురుషోత్తమ చౌదరి (1803–1890) రచించిన క్రైస్తవ కీర్తనలు నేటికిని ఆలయములలో వినబడుచున్నవి. నలుగురితో కలిసి పాడుచున్నపుడు, ఒంటరిగా ఏడువలేనివాడును గొంతు తడబడి కన్నీరు కార్చును. ప్రక్కనున్నవాడు పుస్తకము పట్టి చరణము అందించును. ఏలీయాకు తెలుపబడిన ఏడువేలమంది ఇట్లే కనబడుదురు.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరము. విశ్వాసమే పలాయనము కాగల అపాయము కలదు. అప్పుల చిట్టాను తెఱచి చూడక, దేవుడే తీర్చునని కూర్చుండువాడు ప్రార్థించుట లేదు, దాగుకొనుచున్నాడు. ఇంట తగవు తీర్చుకొనక కూటమునుండి కూటమునకు తిరుగుచుండుటయు అట్టిదే. ఏ ప్రార్థన పిమ్మట మనము మన పనివైపునకు, మనవారివైపునకు మఱలుదుమో అదియే ఉపశమనము. ఇక రెండవది. నిద్రాహారములు తప్పి, బ్రదుకుమీద ఆశ సన్నగిల్లి, వారములు గడచినను తేరుకొననివారు వెంటనే వైద్యుని చూడవలెను, ఇంటివారు తీసికొనిపోవలెను. అది విశ్వాసలోపము కాదు. సువార్తికుడైన లూకాను పౌలు ఒక పత్రికలో వైద్యుడనియే ఆప్యాయముగా పేర్కొనెను. ఏలీయాకు రొట్టెను పంపిన దేవుడు మనకు మందును పంపడని ఎందుకనుకొనవలెను?

అగస్టీను చివరి దినములతో ఈ ప్రసంగమును ముగింతును. వాండలులను దండు ఉత్తర ఆఫ్రికాపై విరుచుకొనిపడినపుడు, గురువులు పాఱిపోవచ్చునా యని హొనొరాతుసు అను బిషప్పు ఆయనకు జాబు వ్రాసి యడిగెను. ప్రజలందఱును సురక్షితస్థలమునకు పోగలిగినచో వారితో కూడ పోవచ్చును. కాని పోలేనివారు మిగిలియుండగా, వారికి గురువు అవసరమై యుండగా, వారిని విడిచి పోరాదని ఆయన సమాధానమిచ్చెను. మిత్రుని మరణమునకు తాళలేక ఊరు విడిచి పరుగెత్తిన యువకుడే ఈ మాట చెప్పినవాడు. 430లో శత్రువులు హిప్పోను ముట్టడించియుండగా, డెబ్బదియైదేండ్ల ఆ వృద్ధుడు జ్వరపీడితుడై, పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి గోడకు తగిలింపించుకొని, పడకనుండి చదువుకొనుచు, ఆగస్టు 28న కన్ను మూసెను. కోట వెలుపల యుద్ధము ఆగలేదు. ఆయన పరుగు మాత్రము ఏనాడో ఆగినది.

శ్రోతలలో క్రైస్తవులు కలరు, ఇతర మతములవారును కలరు. ఎవరి విశ్వాసము ఏదైనను, రాత్రి దీపమార్పుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవచ్చును. నేడు నేను సేదదీరుటకై చేసిన పని నన్ను రేపటి పనికి దగ్గఱ చేసెనా, దూరము చేసెనా? ఆ ప్రశ్నకు జంకక సమాధానము చెప్పుకొనగలిగిన యింట నిద్ర తప్పక పట్టును.